నీళ్ళలో మునిగి చచ్చిన కొరమీను

చేపను నీళ్ళలో ముంచి చంపిన మనిషిని నేను. ఈ మాట చెప్తే చాలామంది నవ్వుతారు, కొందరు ఇంకోసారి చెప్పమంటారు, ఒకరిద్దరు నా మొహంలోకి చూసి జాలిపడతారు. గాలంతో చంపినవాళ్ళున్నారు, వలతో చంపినవాళ్ళున్నారు. శుభ్రమైన బావినీళ్ళు అంచుదాకా పోసి, చేపకు ఊపిరాడకుండా చేసిన ఘనత మాత్రం మా సముద్రం ఒడ్డు పొడుగునా నాదొక్కదానిదే అనుకుంటాను. ఎవరైనా పోటీకొస్తే సంతోషంగా సగం పంచుకుంటాను.

అరవైల మొదట్లో సంగతి. మైపాడుకు దగ్గర ఒక పల్లెలో బోర్డు ఇస్కూలు. దాంట్లో నేను సైన్సు పంతులమ్మను. పోస్టు టెంపరవరీ. మా నాయనకు నెల్లూరు బజార్లో పప్పుబెల్లాల అంగడి. నేను పెరిగింది బెల్లం బస్తాల మధ్య, మాటలు నేర్చింది బేరాలు వింటూ. 'అమ్మ', 'నాయన' తర్వాత నా నోట్లోంచి వచ్చిన మూడోమాట 'గిట్టదు' అని మా అమ్మ అందరికీ చెప్పేది. నిజమో కాదో తెలియదు. నేను మాత్రం ఎప్పుడూ కాదనలేదు, ఊరికే వచ్చిన పేరు ఎందుకు పోగొట్టుకోవాల?

ట్రైనింగు పాసయి ఉద్యోగానికి పోతానంటే మా నాయన కొత్తగా దిగిన సరుకును చూసినట్టు నన్ను కిందా మీదా చూసినాడు.

"ఒక్క ఏడాది," అన్నాడు.

"మూడు," అన్నాను.

"ఒకటి."

"పోనీ రెండు నాయనా."

ఆయన లేచి అన్నానికి పొయ్యినాడు. బేరం మధ్యలో లేచిపోయినవాడిదే పైచెయ్యి అని నాకు నేర్పింది ఆయనే. కాబట్టి ఒప్పందం ఇది: ఏడాదిలోగా ఉద్యోగం ఖాయమైతే సరి, నా ఇష్టం. కాకపోతే పెట్టె సర్దుకోని ఇంటికొచ్చి, అంగట్లో ఆడవాళ్ళొచ్చే పక్క కూర్చోని, బతికినన్నాళ్ళూ చింతపండు తూయాల. చింతపండు మీద నాకు కోపమేం లేదు. దాని ముందర కూర్చునే నా మొహమే నాకు కళ్ళకు కట్టినట్టు కనపడేది.

ఖాయం కావడం, కాకపోవడం ఇన్‌స్పెక్టరు గారి చేతిలో ఉంది. ఆయన ఏడాదికోసారి వస్తాడు, ఒక్కో టీచరు చేత ఒక పాఠం చెప్పిస్తాడు, వెనక బెంచీలో కూర్చోని వింటాడు, వింటూ ఏదో రాసుకుంటాడు. ఆ రాసుకున్నదాన్ని బట్టే తలరాత. నాకు వచ్చిన పాఠం 'జంతువులలో శ్వాసక్రియ, రక్తప్రసరణ'.

రక్తప్రసరణ అంటే నాకు భయం లేదు. గుండెకాయ పాఠం ఉత్త అంగడి పాఠమే. మనిషి గుండెకు నాలుగు గదులు. ఒళ్ళంతా తిరిగి చెడిపోయిన రక్తం ఒక వాకిట్లో వస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పొయ్యి బాగుపడిన రక్తం ఇంకో వాకిట్లో వస్తుంది. మధ్యలో గోడ. ఏ సరుకు బస్తా ఆ సరుకుదే. కప్ప గుండెకు మూడే గదులు. పైన రెండు వేరువేరే గానీ, కిందికి దిగేసరికి మంచిదీ చెడ్డదీ ఒకే గదిలో పడతాయి. "పాత కందిపప్పులో కొత్తపప్పు కలిపి అమ్మినట్టు," అని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ పోలిక నాకు ఎక్కణ్ణుంచి దొరికిందో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇక చేప గుండెకు రెండు గదులు. ఆ గుండెలోకి బాగుపడిన రక్తం నేరుగా రానే రాదు. చెడిన రక్తాన్ని ముందుకు తోస్తుంది, అది మొప్పల్లోకి పొయ్యి ప్రాణవాయువు తీసుకోని బాగుపడి, అట్నుంచి అటే ఒళ్ళంతా తిరిగి, మళ్ళీ చెడి గుండెకు చేరుతుంది. పుట్టినప్పట్నుంచి పోయేదాకా పుచ్చిన సరుకును మాత్రమే చూసే గుమస్తా బతుకు దానిది.

ఇవన్నీ రంగు సుద్దముక్కలతో బోర్డు మీద వేసేదాన్ని. ఎర్రసుద్ద మంచిరక్తం, నీలంసుద్ద చెడ్డరక్తం. బాగానే వచ్చేది. అయితే మా హెడ్మాష్టరు గారికి బొమ్మలు చాలలేదు.

"ఇన్‌స్పెక్టరు గారికి బతికిన వస్తువును చూపిస్తే చాలా ఇష్టమమ్మా," అన్నాడు ఆయన. "పోయినేడు పక్క ఊళ్ళో కుందేలును తెచ్చిపెట్టినారంట. మనం చేపను పెడదాం. సముద్రం పక్కనే పెట్టుకోని చేపకు కరువా?"

కరువు చేపకు కాదు, నాకు. మా ఇంట్లో కోడిగుడ్డు అనే మాటను వంటింటి గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. చేప అనే సరుకును నేను కొనలేదు, అమ్మలేదు, ముట్టలేదు. మొప్పలను పుస్తకంలో మాత్రమే చూసినాను, అదీ పక్కనుంచి. అయితే బేరం తెలిసిన మనిషికి ఏ సరుకైనా ఒకటే అని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఖరీదు తర్వాత తెలిసింది.

సముద్రం చేప పడవ ఒడ్డుకొచ్చేలోగానే ప్రాణం వదిలేస్తుంది. బతికిన చేప కావాలంటే చెరువు చేపే గతి. మా పల్లెకు వారానికి రెండుమూడుసార్లు ఒక ఆడమనిషి కుండ నెత్తిన పెట్టుకోని కొరమీన్లు తెచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుంది. అందరూ అక్కా అంటారు, నేనూ అక్కా అనేదాన్ని. ఇన్‌స్పెక్టరు గారు వచ్చే ముందురోజు సాయంత్రం ఇస్కూలు వదిలినాక ఆమెను ఆపినాను.

కుండ దించి చూపించింది. లోపల నాలుగు కొరమీన్లు, నల్లగా, పాముతలలతో. నా చూపు మాత్రం చేపల మీద పడలేదు, నీళ్ళ మీద పడింది. బెత్తెడు కూడా లేవు. చేపల వీపులు బయటికే ఉన్నాయి.

"ఇదేంది అక్కా, నీళ్ళల్లో కూడా ఇంత పొదుపా?" అన్నాను.

"దానికి అంతే చాలమ్మా. తడి ఆరకుండా ఉంటే పండగ దానికి."

నాకు వెంటనే అర్థమైపోయింది, అంటే అర్థమైందనుకున్నాను. నీళ్ళు తక్కువైతే చేప పొద్దునకు చస్తుంది, చస్తే నేను మళ్ళీ కొంటాను. మా వీధిలో ఇట్టాంటి ఉపాయాలు పాలు తాగేటప్పుడే నేర్పుతారు. ధర దగ్గర కాసేపు పట్టినాను, ఆమె కాసేపు వదల్లేదు, చివరికి ఇద్దరం ఓడిపోయినట్టు మొహాలు పెట్టి ఒప్పుకున్నాము. ఇక కొసరు మిగిలింది. కొసరు అడగకుండా ఇంటికి పోతే మా వంశంలో అన్నం పెట్టరు.

"కొసరుగా రెండు బిందెల నీళ్ళు తోడి పొయ్యి అక్కా. ఇదిగో, నా కుండ కొత్తది. అంచుదాకా నిండాల."

ఆమె నన్ను వింతగా చూసింది.

"అంచుదాకానా? వొద్దు పంతులమ్మా. గాలాడాల గదా దానికి."

నేను నవ్వినాను. ఎంత పెద్దగా నవ్వినానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. "చేపకు గాలేంది అక్కా! చేప నీళ్ళల్లో కలిసుండే గాలినే మొప్పలతో తీసుకుంటుంది. నీళ్ళెంత ఎక్కువుంటే దానికంత సుఖం. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"అట్టయితే ఇంక మనదేముందిలే," అని ఆమె బావిదగ్గరికి పొయ్యి రెండు బిందెలు తోడి పోసింది.  

కొరమీను ఎగిరి దూకుతుందని ఎవరో అన్నారు. దానికి కూడా నా దగ్గర ఉపాయముంది. మా నాయన నెయ్యి డబ్బాకు మూతి కట్టినట్టు, కుండ మూతికి తడిగుడ్డ పరిచి, పురికొసతో బిగించి నాలుగు చుట్లు చుట్టి ముడేసినాను. గుడ్డ నీళ్ళకు ఆనుకోని ఉంది. మధ్యన వేలు దూరే సందు కూడా లేదు. చాలా ముచ్చటగా ఉందనుకోని ఇస్కూలు గదిలో మూలన పెట్టి తాళమేసుకోని వచ్చినాను.

పొద్దున పొయ్యి ముడి విప్పితే చేప చచ్చి ఉంది. తెల్లటి పొట్ట ఒక పక్కకు తిరిగింది. మూతి మాత్రం పైకెత్తి, గుడ్డకు ఆనించినట్టే ఉంది. ఎక్కడైనా చిరుగుందేమోనని గుడ్డనంతా వెతికినట్టుంది పాపం. చిరుగు లేదు. గుడ్డ కూడా నేను బేరమాడి తెచ్చిన మంచి నేత.

ఇన్‌స్పెక్టరు గారు రావడానికి రెండు గంటలుంది. నాకు కనపడింది చచ్చిన చేప కాదు, చింతపండు తక్కెడ. చెప్పులు కూడా వేసుకోకుండా అక్క గుడిసె దగ్గరికి పరుగెత్తినాను. ఆమె వాకిట్లో కూర్చోని వల చిక్కు తీసుకుంటోంది. సంగతి చెప్పినాను. ఆమె వల పక్కన పెట్టేసింది.

"ఏందీ? చేపను నీళ్ళల్లో ముంచి చంపినావా?"

"మూత గట్టిగా కట్టినానక్కా, దూకుతుందని..."

"ఓయమ్మో! యా ఊళ్ళోనూ వినలేదే ఈ మాట!" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోని నవ్వింది. నవ్వి నవ్వి, నా మొహం చూసి కొంచెం తగ్గించుకుంది. "అది కొరమీను పంతులమ్మా. కాసేపటికోసారి పైకొచ్చి గుటుక్కుమని ఒక బుక్క గాలి తీసుకోని పోవాల. ఎప్పుడన్నా చెరువు గట్టున నిలబడి చూసినావా?"

"లేదు."

"అదీ సంగతి. దానికి మొప్పలొకటే చాలవు. మొప్పల పైన చిన్న గది ఉంటాది. గాలి దాచుకునే గది. గాలి దొరకలేదో, ఎంత నీళ్ళల్లో ఉన్నా చావే. నువ్వు ఎక్కడా ఎడం లేకుండా కుట్టేసినావు."

"పుస్తకంలో ఈ సంగతి లేదక్కా."

"పుస్తకం రాసినాయన కొరమీను తిన్నాడో లేదో కనుక్కో ముందు."

ఇంకో చేప ఇవ్వమన్నాను. ఆ పొద్దు ధర అడగలేదు. మా వంశంలో అట్టా జరిగింది అదే మొదలు. ఆమె లేచింది గానీ చేపను నా చేతికివ్వలేదు. "నేనే పట్టుకోనొస్తా. నీకిస్తే మళ్ళా దానికి తలంటు పోస్తావు," అని కుండ నెత్తిన పెట్టుకోని నా ముందర నడిచింది.

ఇన్‌స్పెక్టరు గారు కోటు వేసుకోని వచ్చినారు. మా ఒడ్డు ఎండకు కోటు వేసుకునే మనిషిని చూస్తే పిల్లలు పాఠం లేకుండానే నిశ్శబ్దమైపోతారు. వెనక బెంచీలో కూర్చున్నారు, జేబులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టుకున్నారు. అక్క తలుపు పక్కన గోడకానుకోని కూర్చుంది. హెడ్మాష్టరు గారు ఆమెను పొమ్మందామనుకున్నారు గానీ, ఆమె చూపు చూసి హాజరుపట్టీ తిరగెయ్యడంలో పడిపోయినారు.

బోర్డు మీద గుండెల బొమ్మలు వేసి, నాలుగు గదులు, మూడు గదులు, రెండు గదులు చెప్పినాను. కందిపప్పు పోలికకు ఇన్‌స్పెక్టరు గారు మీసం కింద నవ్వినట్టే ఉంది. తర్వాత పుస్తకంలో ఉన్న వాక్యం గట్టిగా చదివినాను: "చేపలు మొప్పల ద్వారా నీటియందలి ప్రాణవాయువును గ్రహించును. నీటినుండి వెలుపలికి తీసిన యెడల శ్వాస ఆడక మరణించును."

అప్పుడే కుండలో గుటుక్కుమని చప్పుడైంది. కొరమీను పైకొచ్చి ఒక బుక్క గాలి మింగి కిందికి పొయ్యింది. సరిగ్గా ఫుల్‌స్టాపు దగ్గర.

పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళందరి ఇళ్ళల్లో ఈ సంగతి తెలుసు. తెలియంది ఆ గదిలో ఇద్దరికే, నాకు పొద్దునదాకా, ఇన్‌స్పెక్టరు గారికి ఆ నిమిషందాకా.

"ఆ చేపను బయటికి తీసి చూపండి," అన్నారు ఆయన. "పుస్తకం చెప్పినట్టు మరణిస్తుందో లేదో చూద్దాం."

అక్క లేచి తడిపిన గోనెసంచి పరిచి చేపను దాని మీద పెట్టింది. చేప ఒకసారి తోక కొట్టి, ఆ తర్వాత ఎంత తీరిగ్గా పడుకుందంటే తలగడ అడుగుతుందేమో అనిపించింది. ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూస్తున్నారు. పిల్లలు ఇన్‌స్పెక్టరు గారిని చూస్తున్నారు. నేను ఎటు చూడాలో తెలియక నీలంసుద్దను చూస్తున్నాను. అయిదు నిమిషాలు. పది. పదిహేను. చేప నోరు తెరిచి మూసి, మళ్ళీ తెరుస్తోంది.

ఇన్‌స్పెక్టరు గారికి చిరాకు పుట్టింది. "అసలు ఇది చేపేనా?"

"కాదు దొరా, వంకాయ," అనింది అక్క.

హెడ్మాష్టరు గారు కళ్ళు మూసుకున్నారు.  నాకు ఏం తోచిందో ఏమో, "అక్కా, మూలన కుండలో ఉండే ఆ చచ్చినదాన్ని కోసి చూపించు," అన్నాను. చచ్చిన సరుకును కూడా ఊరికే పారెయ్యడం మాకు చేతకాదు.

అక్క కత్తితో కోసింది. రెండు చేతులు, నాలుగు కోతలు. తల పక్క మూత లాంటి ఎముకను పైకెత్తి చూపించింది. మొప్పలు ఎర్రగా ఉండాల్సింది పాత చింతపండు రంగుకు తిరిగున్నాయి. వాటి పైన, నిజంగానే, ఒక చిన్న గది. గోడలనిండా మెత్తటి మడతలు, మడతలనిండా వెంట్రుకల్లాంటి రక్తనాళాలు. ఊపిరితిత్తి కాదు, మొప్ప కాదు, రెండింటికీ మధ్యన ఈ చెరువులోది ఏదో సొంతంగా చేసుకున్న ఏర్పాటు. గొంతు కింద ఇంకో కోత కోసి గుండెను చూపించింది. కంది గింజకంటే కొంచెం పెద్దది. పలచటి గది ఒకటి, దళసరి గది ఒకటి. నేను ఎన్నోసార్లు సుద్దతో గీసిన రెండు గదులు. ఆ నిమిషందాకా అవి నిజంగా ఉంటాయని నాకు లోపల నమ్మకం లేదనుకుంటాను.

ఇన్‌స్పెక్టరు గారు బెంచీ దిగి వచ్చి వంగినారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినాయి. ఆయన మొహం మారిపోయింది. కోటు లోపల ఎక్కడో ఒకప్పుడు చదువుకున్న పిల్లవాడు ఉన్నట్టున్నాడు.

"ఈ చేప ఎట్లా చనిపోయింది?"

"నీళ్ళల్లో సార్. పైకి రానియ్యకుండా మూత కట్టితే చచ్చింది."

"ఓహో!" అన్నారాయన. కళ్ళు మెరిసినాయి. "అంటే ఒకదానికి గాలి అందకుండా, ఒకదానికి అందేట్టుగా, ముందురోజే ఏర్పాటు చేసి పోల్చి చూపించినారన్నమాట! ప్రయోగం! ఇది మీ ఆలోచనేనా అమ్మా?"

చూడండి, నేను ఏమీ అడగలేదు. ఎదుటివాడు తనంతట తానే ధర పెంచితే కాదనే వ్యాపారి ఎక్కడున్నాడు? చింతపండు తక్కెడ ఒకసారి కళ్ళముందర ఊగింది.

"అవునండి," అన్నాను.

గోడ దగ్గర్నుంచి అక్క నా వైపు చూసింది.  బతికిన చేపను కుండలో వేసుకోని, కత్తి కడుక్కోని, కుండ నెత్తికెత్తుకోని పొయ్యింది.

ఆయన రాసిన రిపోర్టు మా హెడ్మాష్టరు గారు మూడుసార్లు చదివి వినిపించినారు. 'స్వయంగా రూపొందించిన ప్రయోగము', 'ప్రత్యేక ప్రతిభ', 'ఉద్యోగము స్థిరపరచుటకు సిఫారసు చేయదగినది'. పై ఆఫీసు సంతకం ఒక్కటే మిగిలింది. నేను సంతోషపడినాను. చాలా సంతోషపడినాను. ఆ సంతోషం ఒక నెల నిలిచింది. మా అంగట్లో కొన్ని సరుకులకు అంతకంటే తక్కువ గడువుంటుంది.

నెల తర్వాత ఒక సర్క్యులరు వచ్చింది. తాలూకాలోని ఇస్కూళ్ళన్నిటికీ. శ్వాసక్రియ పాఠం చెప్పేటప్పుడు ఫలానా ఇస్కూలు పంతులమ్మ రూపొందించిన ప్రయోగాన్ని అందరూ చెయ్యాలని. రెండు కొరమీన్లు తెచ్చి, ఒకదాన్ని మూత బిగించిన నిండుకుండలో చచ్చేదాకా ఉంచాలని. నా తెలివితక్కువతనానికి నంబరు వేసి, సైక్లోస్టైలు చేసి, ఊరూరికీ పంపినారు.

రెండు వారాలకు అక్క ఇస్కూలు వాకిట్లోకి వచ్చి కుండ దించింది.

"ఏంది పంతులమ్మా ఈ కత? ఇస్కూలు అయివోర్లంతా చెరువు కాడికొచ్చి ముంచి చంపేదానికి కొరమీన్లు కావాలంటుండారు. నిన్న ఒకాయన అడిగినాడు, ఎంతసేపటికి చస్తాదీ అని."

"సర్క్యులరు అక్కా..."

"మేము కూరకి చంపతాము. తింటాము. మీరు దేనికి చంపతారు?"

నేను వంగి ఆమె కుండలోకి చూసినాను. 

"నీకు తెలియక చంపినావు, దానికి నేను నవ్వినా," అనింది ఆమె. "వాళ్ళకి తెలిసి చంపమని చెప్పినావే, దానికి నవ్వు రాలేదు నాకు." కుండ ఎత్తుకోని పొయ్యింది. ఆ పొద్దు మా వీధిలో చేపలు అమ్మకుండానే.

శనివారం మొదటి బస్సుకు నెల్లూరు పొయ్యి ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసు వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి లోపలికి పిలిచినారు. ఉన్నదంతా చెప్పేసినాను, కొసరు బిందెలు, పురికొస ముడి, 'అవునండి' అన్నీ. ఆయన పేపర్‌వెయిట్ అందుకోని తిప్పినారు.

"సర్క్యులరు పొయ్యిందమ్మా," అన్నారు. "తప్పని రాస్తే నా మొహం ఏమవుతుంది?"

"తప్పని రాయొద్దు సార్. ముంచుట అవసరము లేదు, చేప పైకి వచ్చి గాలి తీసుకొనుట చూపించిన చాలును అని ఇంకో సర్క్యులరు పంపండి. ఎందుకని ఎవరూ అడగరు."

"ఎవరూ అడగరు, నిజమే." ఆయన నన్ను కొత్తగా చూసినారు. "కానీ మీ రిపోర్టు ఆ ప్రయోగం మీదే నిలబడి ఉంది. ప్రయోగమే లేదంటే ప్రతిభ ఉండదు, ప్రతిభ లేదంటే సిఫారసు ఉండదు."

"పాఠం బాగానే చెప్పినాను గదా సార్. గుండె గదుల సంగతి?"

"చెప్పినారు."

"అయితే పాఠం బాగుందని ఉంచండి."

"బాగుంది అంటే సిఫారసు రాదు. టెంపరవరీగా ఇంకో ఏడాది పొడిగింపు వస్తుంది."

"రెండు."

"ఒకటి," అని ఆయన లేచి నిలబడినారు. ఈయనకు కూడా ఎవరో నేర్పినట్టుంది.

"సరే సార్. కానీ రిపోర్టులో ఇంకో రెండు మాటలు. కోసి చూపించింది నేను కాదు."

ఆయన కలం తీసి, 'స్థానికుల సహకారముతో' అని చేర్చినారు. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాయనన్నారు. ఆ కాగితం మీద ఒక ఆడమనిషి పేరు పడితే ఆఫీసు పునాదులు కదిలిపోతాయేమో.

తిరిగొచ్చి, ముంచొద్దని ఇంకో సర్క్యులరు పోతుందని అక్కకు చెప్పి, రిపోర్టులో చేర్చిన మాట కూడా వినిపించినాను.

"స్థానికులంటే నేనేనా?" అని అడిగింది.

"నువ్వే."

"నేనొక్కదాన్నే అంతమందినా?" అని కుండలోకి చెయ్యి పెట్టి, చేపలను అటూ ఇటూ జరిపింది. "సరేలే. ముంచేది ఆపించినావు గదా." రెండు రోజుల తర్వాత మళ్ళీ మా వీధికి రావడం మొదలుపెట్టింది.

ఎండాకాలం సెలవులకు ముందర మా నాయన నెల్లూరు బస్సు దిగినాడు. చేతిలో నా పెట్టె కట్టడానికి కొత్త కొబ్బరితాడు. ఉద్యోగం ఖాయం కాలేదని ఆయనకు ఎట్టా తెలిసిందో, అంగట్లో కూర్చునేవాళ్ళకు అన్నీ తెలుస్తాయి. బడి వరండాలో కూర్చోపెట్టి, మజ్జిగిచ్చి, మొదట్నుంచి చివరిదాకా చెప్పినాను. ఇంకో ఏడాది పొడిగించినారు, ఒప్పందం మార్చుకుందామా అని అడగడానికి మాటలు కూడబెట్టుకుంటున్నాను.

ఆయన మజ్జిగ తాగడం ఆపి అడిగినాడు. "ఉద్యోగం ఖాయం చేస్తామని వాళ్ళే రాసిచ్చినారా?"

"రాసిచ్చినారు."

"నువ్వేం అడగకుండానే?"

"అడగకుండానే."

"నువ్వు బస్సెక్కి పొయ్యి, టిక్కెట్టు నీ డబ్బుతో కొనుక్కోని, అదంతా నిజం కాదని నీ నోటితో చెప్పి, ఖాయమైనదాన్ని టెంపరవరీ చేసుకోని వచ్చినావు?"

"అవును నాయనా."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టినాడు. తర్వాత నా మొహంలోకి చూసినాడు, ఏ సరుకునైనా కొనబోయి చివరి నిమిషంలో పుచ్చు కనిపెట్టినప్పుడు చూసేట్టు.

"నిన్ను అంగట్లో కూర్చోపెడితే ఆరు నెలల్లో మూసెయ్యాల," అన్నాడు. "నువ్వు ఇక్కణ్ణే ఉండు."

"ఎన్నేళ్ళు నాయనా?"

"ఉండగలిగినన్నేళ్ళు. నీ మీద ఇంక బేరం లేదు నాకు."

ఒంటిగంట బస్సు ఎక్కి కూర్చున్నాడు. నా పెట్టె కట్టడానికి తెచ్చిన తాడును చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొత్త తాడు, పారేస్తాడా? బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఆ చేపలామెను అడిగినానని చెప్పు," అన్నాడు. నేను ఇస్కూల్లోకి తిరిగొచ్చి మధ్యాహ్నం తరగతి మొదలుపెట్టినాను.